మీ ఊరి కాలేజీ చరిత్ర రాసేవారికి కొన్ని సూచనలు

కాలేజీకి యాభై ఏళ్లు నిండుతున్నాయనగానే కమిటీవారు సావనీర్ వేద్దామంటారు. మంత్రిగారి సందేశం, వైస్ చాన్సలర్‌గారి సందేశం, ప్రిన్సిపాళ్ల ఫొటోలు, ర్యాంకులు తెచ్చుకున్నవారి పేర్లు, వెనక పేజీల్లో రైసు మిల్లుల ప్రకటనలు. చరిత్రకు మధ్యలో రెండు పేజీలు వదులుతారు. ఊరి పేరు మారిస్తే ఆ రెండు పేజీలు ఏ కాలేజీకైనా సరిపోతాయి.

నేను గుంటూరు వైపు డెల్టాలో ఒక చిన్న ఎయిడెడ్ డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యాను. మా కాలేజీ చరిత్ర రాసే పని నామీద పడింది. ఆ పుస్తకం చూసి పక్క ఊళ్ల కాలేజీలవాళ్లు ఎలా రాశారమ్మా అని అడుగుతుంటారు. వాళ్లకు విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ముందుగా ఒక్క మాట. కాలేజీని ఎవరు పెట్టారు, ఎన్ని బిల్డింగులు కట్టారు అనేదాన్ని ఒక అధ్యాయంలో తేల్చేయండి. మిగతా పుస్తకమంతా ఆ కాలేజీలో ఒక రోజు ఎలా గడిచేదో రాయండి. పిల్లలు ఎలా వచ్చేవారు, ఎక్కడ తినేవారు, సాయంత్రాలు ఏం చేసేవారు. పోతే మళ్లీ దొరకనిది అదే.

ఇందుకు మదనపల్లెను మించిన ఉదాహరణ లేదు. అనీబిసెంట్ 1915లో అక్కడ పెట్టిన థియోసాఫికల్ కాలేజీ చాలా చిన్నది. హోం రూల్ ఉద్యమంతో సంబంధం ఉన్నందుకు మద్రాసు యూనివర్సిటీ గుర్తింపు కూడా పోగొట్టుకుంది. 1919 ఫిబ్రవరిలో దక్షిణాది పర్యటనలో ఉన్న రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ కొన్నాళ్లు ఆగారు. అప్పటి ప్రిన్సిపాల్ ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్. పిల్లలు, పంతుళ్లు సాయంత్రం ఒకచోట చేరి పాటలు పాడుకోవడం అక్కడి అలవాటు. అలాంటి ఒక సాయంత్రం ఠాగూర్ జనగణమన పాడారు. పిల్లలు మళ్లీ మళ్లీ పాడించుకున్నారు, తామూ గొంతు కలిపారు. ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్‌కు సంగీతం బాగా తెలుసు. ఆవిడ ఆ పాటకు స్వరాలు రాసి పెట్టారు. ఠాగూర్ అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. 1911లో కలకత్తా కాంగ్రెస్ సభలో మొదటిసారి వినిపించిన పాట ఇలా మదనపల్లె పిల్లల నోట ప్రార్థన గీతమైంది.

ఆ కాలేజీ పేరు ఇవాళ్టికీ దేశమంతా చెప్పుకుంటున్నారంటే కారణం ఒక సాయంత్రపు అలవాటు. కజిన్స్ దంపతులు దాన్ని తమ జ్ఞాపకాల్లో రాసి పెట్టారు కాబట్టి మనకు ఇంత వివరంగా తెలిసింది. మీ కాలేజీకి ఠాగూర్ రాకపోవచ్చు. సాయంత్రాలు మాత్రం ఉండే ఉంటాయి.

ముందు కాగితాలు కాపాడండి

రాయడం తర్వాత సంగతి. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఎయిడెడ్ కాలేజీల సిబ్బందిని ప్రభుత్వంలోకి తీసుకున్నప్పుడు చాలా కాలేజీల్లో ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్న సీనియర్ అసిస్టెంట్లు, లైబ్రేరియన్లు ఒక్కసారిగా వేరే ఊళ్లకు వెళ్లిపోయారు. ఏ బీరువాలో ఏముందో తెలిసింది వాళ్లకే. తర్వాత వచ్చినవారికి అదంతా పాత చెత్త. కాబట్టి ఈ వారమే ప్రిన్సిపాల్‌గారికి అర్జీ పెట్టి, పాత రికార్డులు తూకానికి అమ్మవద్దని ఒక సర్క్యులర్ వేయించండి. నోటిమాట చాలదు.

అడగాల్సినవి ఇవి: సొసైటీ రిజిస్ట్రేషన్ పత్రం, పాలకవర్గం మినిట్స్ పుస్తకాలు, యూనివర్సిటీ అఫిలియేషన్ ఉత్తర్వులు, అడ్మిషన్ రిజిస్టర్లు, స్టాఫ్ అటెండెన్స్ రిజిస్టర్లు, హాస్టల్ మెస్ లెక్కలు, కాలేజీ మ్యాగజైన్లు, లైబ్రరీ అక్సెషన్ రిజిస్టర్ (కొన్న ప్రతి పుస్తకాన్నీ వరసగా రాసుకునే పుస్తకం). స్థలం ఎవరిచ్చారో తెలియాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు నకలు తీయించండి. స్థలం ఫలానావారు ఉచితంగా ఇచ్చారని ఊళ్లో అందరూ చెప్పుకుంటారు. దస్తావేజు చూస్తే అది దానమో, తక్కువ ధరకు అమ్మకమో, కౌలో తేలిపోతుంది. వ్యాపారం బాగా సాగిన ఊళ్లలో పెద్ద దాతలతో పాటు బస్తాకు ఇంతని ధర్మం ఖాతాకు జమవేసిన చిన్న వర్తకులు కూడా ఉంటారు. శిలాఫలకం మీద వాళ్ల పేర్లుండవు. లెక్కల పుస్తకంలో ఉంటాయి.

వీటన్నిటిలో నాకు అమూల్యంగా తోచింది అడ్మిషన్ రిజిస్టర్. పొడుగాటి పుస్తకం, ఎర్రగుడ్డ బైండు, ఒక్కో పిల్లవాడికి ఒక్కో అడ్డ వరస. పేరు, పుట్టిన తేదీ, కులం, మాతృభాష, తండ్రి వృత్తి, అంతకుముందు చదివిన బడి, టీసీ నంబరు, పుట్టుమచ్చలు. ఒక పేజీ తెరిచి తండ్రి వృత్తి ఉన్న గడిని పైనుంచి కిందకి చదవండి. మా దాంట్లో వ్యవసాయం, వ్యవసాయం, వ్యవసాయం అని సాగుతూ ఉంటుంది. కొన్ని పేజీలు పోయాక చేనేత అని కనిపిస్తుంది. ఇంకొన్ని పేజీల తర్వాత కూలి. చివరి గడిలో తండ్రో సంరక్షకుడో సంతకం పెట్టాలి. అక్కడ చాలా వరసల్లో ఊదారంగు వేలిముద్ర ఉంటుంది. ఒకచోట ముద్ర సరిగా పడలేదని పక్కనే రెండోసారి వేయించారు. ఆ తండ్రి పొలం పని ఆపుకుని వచ్చి, గుమస్తా ముందు నిలబడి, బొటనవేలు ఇంకు మెత్తకు అద్ది, కొడుకుని బీకామ్‌లో చేర్చి వెళ్లాడు. కాలేజీ ఎందుకు పెట్టారో చెప్పడానికి ప్రారంభోత్సవ ఉపన్యాసాలన్నిటికంటే ఆ పేజీ ఎక్కువ పనికొస్తుంది.

ఆ రిజిస్టర్ నుంచి మొత్తాలు తీయండి: ఏ ఊళ్ల నుంచి వచ్చారు, ఆడపిల్లలు ఎప్పటి నుంచి పెరిగారు, ఏ గ్రూపు ఎప్పుడు నిండింది. పేరు, కులం కలిసి కనిపించే పేజీని మాత్రం ఫొటో తీసి అచ్చువేయకండి. ఆ వివరాలు వాళ్లు కాలేజీకి ఇచ్చినవి, మనకు కాదు.

అక్సెషన్ రిజిస్టర్ గురించి లైబ్రేరియన్‌గా నేను చెప్పకపోతే ఎవరూ చెప్పరు. కాలేజీ కొన్న మొదటి పుస్తకం ఏది, ఏ సంవత్సరం నుంచి తెలుగు నవలలు కొనడం మొదలైంది, పోటీ పరీక్షల గైడ్లు ఎప్పుడు వచ్చి చేరాయి, అన్నీ తేదీలతో సహా దొరుకుతాయి. పుస్తకం చివర అంటించిన గడువు చీటీ చూస్తే ఏది చేతులు మారిందో, ఏది బీరువాలోనే పడి ఉందో తెలుస్తుంది.

ఫొటోలు తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు. కిటికీ పక్కన పగటి వెలుతురులో, పేజీకి సరిగ్గా పైనుంచి తీయండి. ఫైలుకు రిజిస్టర్ పేరు, సంవత్సరం, పేజీ నంబరు వరసలో పెట్టుకుంటే మళ్లీ వెతుక్కునే బాధ ఉండదు. పెళుసుబారిన కాగితానికి సెల్లోటేపు అంటించొద్దు. కొన్నేళ్లకు ఆ జిగురే కాగితాన్ని తినేస్తుంది.

తేదీల దగ్గర జాగ్రత్త

కాలేజీ ఎప్పుడు పుట్టింది? ఈ ప్రశ్నకు నాలుగు జవాబులుంటాయి: సొసైటీ రిజిస్టరైన రోజు, ప్రభుత్వ అనుమతి వచ్చిన రోజు, యూనివర్సిటీ అఫిలియేషన్ ఇచ్చిన రోజు, మొదటి క్లాసు జరిగిన రోజు. నాలుగూ రాసి, మీరు దేన్ని లెక్కలోకి తీసుకున్నారో చెప్పండి. కాకినాడ పిఠాపురం రాజా కాలేజీ మూలాలు 1852 నాటి బడిలో ఉన్నాయి. కాలేజీ అయింది 1884లో. బందరు నోబుల్ కాలేజీ కూడా 1843లో బడిగానే మొదలైంది. పాతదనం కోసం బడి సంవత్సరాన్ని వాడుకోవడంలో తప్పు లేదు, అది బడి అని చెప్పినంతకాలం.

యూనివర్సిటీ కాగితాలు ఎక్కడ వెతకాలో తెలియాలంటే సరిహద్దులు గుర్తుండాలి. గుంటూరు వైపు కాలేజీ అయితే 1926కు ముందు మద్రాసు, తర్వాత ఆంధ్ర, 1976 నుంచి నాగార్జున. సీమవారికి 1954లో తిరుపతి, 1981లో అనంతపురం యూనివర్సిటీలు వచ్చాయి. తెలంగాణలో 1918 నుంచి ఉస్మానియా, వరంగల్ వైపు 1976 నుంచి కాకతీయ. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. అంతకుముందు ఒంగోలు కాలేజీ అర్జీలు గుంటూరు జిల్లా ఫైళ్లలో ఉంటాయి. హైదరాబాద్ రాష్ట్రం నాటి కాగితాల మీద ఫసలీ అనే పాత శిస్తు లెక్కల సంవత్సరం కనిపిస్తుంది, దానికి 590 కలుపుకుంటే దాదాపుగా మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది.

మనుషులు చెప్పే సంవత్సరాల్లో తేడాలొచ్చేది ముఖ్యంగా రెండు చోట్ల. 1969-70లో ఏడాది చదువైన పీయూసీ పోయి రెండేళ్ల ఇంటర్మీడియెట్ వచ్చింది కాబట్టి ఆ చుట్టుపక్కల చదివినవారు ఏడాది అటూఇటూ చెబుతారు. ఇక 1972-73లో జై ఆంధ్ర ఉద్యమం. కోస్తా, సీమ కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి, పరీక్షలు వెనక్కి పోయాయి. తెలంగాణ కాలేజీలకు ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నడిచిన 1969 అలాంటిదే. ఒకాయన 72 బ్యాచ్ అంటాడు, ఆయన పక్క బెంచీ ఆయన 73 అంటాడు, ఇద్దరూ నిజమే చెబుతుంటారు. చేరిన సంవత్సరం అడిగి రాసుకుంటే గొడవుండదు.

కాలేజీలో కాగితం దొరకకపోతే పత్రికలు ఉన్నాయి. చీరాల దగ్గర వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత తెలుగు పత్రికల సంపద ఉంది. శంకుస్థాపన జరిగిన నెల తెలిస్తే చాలు, ఆ వారం పత్రికలు తిరగేయండి. ఎవరొచ్చారు, ఏం మాట్లాడారు, విరాళాలు ఎవరు ప్రకటించారు, అంతా అందులో ఉంటుంది.

మనుషుల దగ్గర కూర్చోండి

నాకు బాగా నచ్చిన భాగం ఇదే. కాలేజీ గురించి చెప్పండి అని అడిగితే పెద్దవాళ్లు ఉపన్యాసం మొదలుపెడతారు. అవి బంగారు రోజులమ్మా అంటారు, అక్కడితో సరి. చిన్న ప్రశ్నలు వేయాలి. పొద్దున ఏ బస్సుకు వచ్చేవారు? చెప్పులుండేవా? గదికి అద్దె ఎవరు కట్టేవారు? వర్షాకాలంలో క్లాసు ఎక్కడ కురిసేది? మొదటిసారి సినిమాకు వెళ్లింది ఎవరితో?

మా పాత అటెండరు ఒకాయన్ని మాట్లాడించడానికి వాళ్లింటికి వెళ్లాను. నాకేం తెలుసమ్మా, మాస్టార్లనడగండి అని తప్పించుకోబోయాడు. “బాబాయ్, గంట ఎప్పుడు కొట్టాలో నీకెవరు చెప్పేవారు?” అన్నాను.

“ఎవరు చెప్తారమ్మా! మొదట్లో గంటెక్కడిది, రైలు పట్టా ముక్క. వేపచెట్టుకి కట్టాం. ప్రిన్సిపాలుగారు గేటు దాటి గొడుగు ముడిస్తే పది. నేను వాచీ చూసింది లేదు.”

అక్కణ్ణుంచి ఆయన్ని ఆపలేకపోయాం. ఏ లెక్చరర్ ఏ బీడీ కాల్చేవాడో, ఫీజు కట్టలేని పిల్లలకు ఎవరు చాటుగా కట్టేవారో, సమ్మె రోజుల్లో గేటు తాళం ఎవరి దగ్గర ఉండేదో, అన్నీ చెప్పాడు. ప్రిన్సిపాళ్లు మారతారు, కరస్పాండెంట్లు మారతారు. అటెండరు, స్వీపరు, హాస్టల్ వంటమనిషి, క్యాంటీన్ నడిపినాయన ముప్పై ఏళ్లు అక్కడే ఉంటారు. వాళ్ల దగ్గరికి ముందు వెళ్లండి.

తప్పకుండా అడగాల్సింది తిండి గురించి. చిన్న టౌన్ల కాలేజీల్లో జీవితమంతా దాని చుట్టూ తిరిగేది. పాత తరంలో పేద పిల్లలు వారాలు చేసుకుని చదివారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. ఏ కులం పిల్లలకు ఏ ఇళ్లలో వారం దొరికేది, ఎవరికి అసలు దొరికేది కాదు అన్నది కూడా అడగండి. కుల హాస్టళ్లు, ఆ తర్వాత సాంఘిక సంక్షేమ హాస్టళ్లు ఎందుకు అవసరమయ్యాయో అక్కడే అర్థమవుతుంది.

డెల్టాలో ఆ తర్వాతి కాలం క్యారేజీలది. పల్లెల పిల్లలు టౌన్లో నలుగురేసి ఒక గది అద్దెకు తీసుకునేవారు. పొద్దున బస్సులో ఇంటి నుంచి క్యారేజీ వచ్చేది. కండక్టరు బస్టాండులో అన్నీ వరసగా దించేవాడు. ఇత్తడి క్యారేజీల మీద మేకుతో చెక్కిన పేర్లు. అడుగు గిన్నెలో అన్నం, పైన పప్పు, పై గిన్నెలో పెరుగు, మూత సందులో మజ్జిగ మిరపకాయలు. సాయంత్రం ఖాళీ క్యారేజీ తిరుగు బస్సెక్కేది. అందులో మడత పెట్టిన చీటీ ఒకటి వెళ్లేది: పరీక్ష ఫీజు కట్టాలి, ఆదివారం నాన్నని రమ్మనండి. ఒకావిడ ఆ చీటీలు ఇంకా దాచుకుంది. వాళ్లబ్బాయికి ఇప్పుడు మనవలు. ఫొటో తీసుకుంటానంటే ముందు చేతులు తుడుచుకుని, తర్వాత పెట్టె తీసింది.

ఆడపిల్లల సంగతి వేరేగా రాయాలి, వాళ్ల నోటితోనే. చాలా కోఎడ్యుకేషన్ కాలేజీల్లో లేడీస్ వెయిటింగ్ రూమ్ ఉండేది. పీరియడ్ మొదలయ్యే ముందు లెక్చరర్ ఆ గది ముందు నుంచి వెళితే, ఆయన వెనక వరసగా క్లాసుకు వెళ్లి ముందు బెంచీల్లో కూర్చుని, గంట కొట్టగానే ఆయన వెనకే తిరిగొచ్చేవారు. మూడేళ్లలో తోటి మగపిల్లలతో ఒక్క మాట మాట్లాడనివారు ఉన్నారు. మగవాళ్లు ఈ సంగతి నవ్వుతూ చెబుతారు. ఆడవాళ్లు ఆ గదిలో ఏం మాట్లాడుకునేవారో, ఎవరి చదువు పెళ్లితో ఆగిపోయిందో చెబుతారు. ఆ రెండోది పుస్తకంలోకి రావాలి. అందుకు ఇంటికి వెళ్లేటప్పుడు మీ బృందంలో ఒక ఆడమనిషి ఉండాలి.

యూనియన్ ఎన్నికల గురించి అరవై దాటిన మగవారిని అడగండి, చాలు. 1980ల చివర్లో రాష్ట్రంలో అవి ఆగిపోయేవరకూ చిన్న కాలేజీల్లో కూడా గోడల నిండా సున్నపు రాతలే. ఇద్దరు ప్రత్యర్థుల దగ్గరా విడివిడిగా వినాలి.

ఫోన్లో రికార్డు చేసేటప్పుడు ముందే అనుమతి అడగండి. మొదట్లో తేదీ, ఊరు, వారు చదివిన సంవత్సరాలు మీ గొంతుతో చెప్పి ఆ తర్వాత మొదలుపెట్టండి. ఇది రాయకమ్మా అంటే రాయకూడదు. రికార్డింగ్ కాపీ ఒకటి వాళ్ల పిల్లలకు పంపండి. ఎవరైనా గట్టిగా చెప్పిన సంగతికి ఇంకొకరి మాటో, ఒక కాగితమో తోడు దొరికాకే దాన్ని నిజమని రాయండి. దొరకకపోతే ఫలానావారు చెప్పారు అని రాస్తే సరిపోతుంది.

గ్రూప్ ఫొటోలు

అందరిళ్లలో ఉండేవి ఇవి. మధ్యలో ప్రిన్సిపాల్, అటూఇటూ స్టాఫ్, కింద చాప మీద జూనియర్లు. అట్ట మీద ఇంగ్లీషులో పేర్లు. అట్ట విరిగిపోతే పేర్లు పోయినట్టే. ఫొటో పెద్దదిగా ప్రింటు తీయించి, ఒక్కో తలకు ఒక్కో నంబరు వేసి, పాత విద్యార్థుల సమావేశంలో బల్ల మీద పెట్టండి. వాట్సాప్ గ్రూపులో పెట్టినా వస్తాయి గానీ, బల్ల చుట్టూ మూగి వాదించుకున్నప్పుడు వచ్చే కబుర్లు అందులో రావు. అసలు ఫొటో మీద పెన్నుతో రాయకండి. వెనకవైపు మెత్తటి పెన్సిల్‌తో రాయండి. వెనక వరస చివర నిలబడిన అటెండరు పేరు అట్ట మీద ఉండదు. అది కనుక్కుని వేయండి.

కమిటీకి నచ్చని సంగతులు

వస్తాయి. నిధుల తగాదా, రెండు వర్గాల కోర్టు కేసు, సస్పెండైన పిల్లలు, ఎవరో లెక్చరర్‌కు జరిగిన అన్యాయం. కరస్పాండెంటుగారు డ్రాఫ్టు ముందు తనకు చూపమంటారు. పని ఒప్పుకునేటప్పుడే ఒక కాగితం మీద రాయించుకోండి: తప్పులుంటే ఆధారంతో దిద్దవచ్చు, ఇష్టం లేదని తీసేయకూడదు. ఇది అడగడానికి మొహమాటపడితే తర్వాత చాలా టెన్షన్ పడాలి. కోర్టు తీర్పు, మినిట్స్ ఉన్నంతవరకే రాయండి. బతికున్నవారి మీద వినికిడి మాటలు వద్దు.

కానీ ఎవరిని చేర్చుకున్నారు, ఎవరిని చేర్చుకోలేదు అన్న సంగతి మాత్రం దాటేయకండి. పిఠాపురం రాజా కాలేజీకి రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు 1904 నుంచి 1919 దాకా ప్రిన్సిపాల్. ఆయన కాలంలో ఎంతమంది పాసయ్యారో ఇవాళ ఎవరూ చెప్పుకోరు. ఆడపిల్లలకూ, అంటరానివారని ఊరు దూరం పెట్టిన పిల్లలకూ కాలేజీ తలుపులు తెరిచారని చెప్పుకుంటారు. మీ కాలేజీలో చేరిన మొదటి అమ్మాయి ఎవరు, మొదటి దళిత విద్యార్థి ఎవరు, వాళ్లు ఎక్కడ కూర్చున్నారు, హాస్టల్లో ఎవరి పంక్తిలో తిన్నారు? రిజిస్టర్‌లో పేరు దొరుకుతుంది. ముందు వాళ్లనో, వాళ్లవాళ్లనో కలిసి, అనుమతి తీసుకుని రాయండి. మంచిగా జరిగి ఉంటే మంచే రాయండి. జరగకపోతే అదీ రాయండి.

అచ్చు, ఆ తర్వాత

పుస్తకం డెమ్మీ సైజులో, అంటే మామూలు పుస్తకాల సైజులో ఉంటే పట్టుకుని చదువుతారు. సావనీర్ సైజులో వేస్తే బీరువా ఎక్కుతుంది. ప్రకటనలు వేయక తప్పకపోతే అన్నీ చివరికి నెట్టండి. వెనక పేర్ల సూచిక తప్పనిసరి, అందరూ మొదట వెతికేది తమ పేరే. ప్రూఫు ఇంటి పేర్లు తెలిసిన స్థానికుడితో చదివించండి.

1954 నాటి చట్టం ప్రకారం మన దేశంలో అచ్చయిన పుస్తకాన్ని ప్రచురించిన ముప్పై రోజుల్లోపు కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, ముంబై, ఢిల్లీల్లోని నిర్ణీత గ్రంథాలయాలకు పంపాలి. చిన్న కాలేజీలు ఈ పని దాదాపు చేయవు. మీరు చేయండి. వీటితో పాటు యూనివర్సిటీ లైబ్రరీకి, జిల్లా గ్రంథాలయానికి, వేటపాలెం సారస్వత నికేతనానికి ఒక్కో కాపీ పంపండి.

పుస్తకం వచ్చాక అసలు కాగితాలను మళ్లీ గోతాల్లోకి పోనివ్వకండి. ఒక స్టీలు బీరువా, నేలకు ఆనకుండా ఇటుకల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టించండి. ఏ అరలో ఏముందో జాబితా రాసి తలుపు లోపలివైపు అంటించండి. తాళాలు రెండు: ఒకటి ప్రిన్సిపాల్ దగ్గర, ఒకటి లైబ్రరీలో. స్కాన్ చేసినవన్నీ రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి, ఒకదాన్ని కాలేజీ బయట నమ్మకమైన పాత విద్యార్థి ఇంట్లో ఉంచండి. ఏడాదికోసారి, వేసవి సెలవులకు ముందు, తలుపు తీసి చెద పట్టిందేమో చూసే బాధ్యత ఎవరిదో స్టాఫ్ మీటింగ్ మినిట్స్‌లో పేరుతో సహా రాయించండి.